నగరాలు కట్టే పాత ఆటలను అన్నిటితో ఒకే గాటన కట్టొద్దు

సంపాదకులకు,
ఆర్యా,

వేసవి సెలవులు వచ్చాయంటే చాలు, పిల్లలు కంప్యూటర్లకు అతుక్కుపోతున్నారన్న గోడు పత్రికల్లో మొదలవుతుంది. అందులో నిజం లేకపోలేదు. కానీ తుపాకులతో కాల్చుకునే ఆటనూ, నిమిషానికో ప్రకటన చూపించి డబ్బు గుంజే ఫోన్ ఆటనూ, ఖాళీ నేల మీద ఒక ఊరిని కట్టుకుంటూ పోయే ఆటనూ ఒకే గాటన కట్టడం మాత్రం సబబు కాదు. ఈ మూడో రకం ఆటలకు ముప్పై అయిదేళ్లు దాటాయి. అప్పటి కంప్యూటర్లు పాత సామాన్లవాడి బండెక్కి ఎన్నడో పోయాయి, ఆటలు మాత్రం పోలేదు. ఎందుకు పోలేదో చెప్పాలంటే వాటి లోపలి పనితీరు చెప్పాలి. హైదరాబాద్‌లో వీటిని చాలాకాలంగా ఆడుతున్న మేము కొందరం కలిసి ఆ పనికే ఈ ఉత్తరం రాస్తున్నాం. కాస్త పొడవైంది, మన్నించాలి.

1984లో విల్ రైట్ అనే అమెరికన్ 'రెయిడ్ ఆన్ బంగెలింగ్ బే' అనే ఆట తయారుచేశాడు. హెలికాప్టర్‌లో తిరుగుతూ దీవుల మీద బాంబులు వేయడమే ఆట. ఆ దీవుల్ని గీయడానికి రాసుకున్న చిన్న ప్రోగ్రామ్‌తో రోడ్లు, భవనాలు పేర్చడం అతనికి బాంబుల కన్నా రుచించింది. దానికి 1969లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయపు ప్రొఫెసర్ జే ఫారెస్టర్ రాసిన 'అర్బన్ డైనమిక్స్' పుస్తకంలోని ఆలోచన తోడైంది. ఇళ్లు, ఉద్యోగాలు, పన్నులు ఒకదాన్నొకటి ఎలా లాగుతాయో సమీకరణాల్లో చూపించిన పుస్తకం అది. 1985కల్లా ఆట ఒక రూపానికి వచ్చినా, గెలుపూ ఓటమీ లేని ఆటను ఎవరు కొంటారని ప్రచురణకర్తలు వెనకాడారు. చివరికి రైట్, జెఫ్ బ్రాన్ కలిసి 1987లో మ్యాక్సిస్ అనే సంస్థ పెట్టుకుని, 1989లో 'సిమ్‌సిటీ'ని బయటకు తెచ్చారు. అమ్ముడుపోదనుకున్న ఆ లక్షణమే, అంటే ఆట ఎక్కడా అయిపోకపోవడమే, దాన్ని ఇన్నేళ్లు బతికించిందని చాలామంది అంటారు. మేం సగమే ఒప్పుకుంటాం. అయిపోని ఆటలు ఇప్పుడు ఫోన్లలో బోలెడున్నాయి, వాటిని ఏడాది తర్వాత తలుచుకునేవాళ్లుండరు. మాకు తెలిసిన కారణం వేరు. ఈ ఆటల్లో ఊరు చెడితే, చెడడానికి కారణం తవ్వితే దొరుకుతుంది. నూటికి తొంభైసార్లు ఆ తప్పు మనదే అయి ఉంటుంది.

మొదటి సిమ్‌సిటీనే తీసుకోండి. మ్యాప్ అడ్డంగా 120 గళ్లు, నిలువుగా 100 గళ్లు. సులువు స్థాయిలో చేతికి 20,000 డాలర్లిస్తారు, మధ్య స్థాయిలో 10,000, కష్టమైన దాంట్లో 5,000. నివాస, వాణిజ్య, పారిశ్రామిక జోన్లు, అంటే ఇళ్లో, దుకాణాలో, ఫ్యాక్టరీలో వాటంతటవే లేవడానికి మనం గుర్తుపెట్టే స్థలాలు, మూడు గళ్లకు మూడు గళ్ల చదరాలు, ఒక్కోటి 100 డాలర్లు. రోడ్డు గడికి 10, రైలు పట్టా గడికి 20, కరెంటు తీగ గడికి 5. బొగ్గు విద్యుత్ కేంద్రం 3,000, అణు కేంద్రం 5,000. పోలీసు స్టేషన్, ఫైర్ స్టేషన్ ఒక్కోటి 500, పైగా ఒక్కోదానికి ఏటా 100 డాలర్ల ఖర్చు. పన్ను ఏడాదికోసారే వసూలవుతుంది. కొత్తవాళ్లు మొదటి సంవత్సరంలోనే నాలుగు మూలలా పోలీసు స్టేషన్లు కట్టేసి, పన్ను వచ్చేలోపు గల్లాపెట్టె ఖాళీ చేసుకుంటారు. వెయ్యి మంది లేని ఊళ్లో దొంగలెవరు? మొదట ఒక బొగ్గు కేంద్రం, డజను జోన్లు, వాటిని కలిపే రోడ్డు చాలు. చేతిలో కనీసం మూడో వంతు డబ్బు ఉంచుకుని గడియారం నడవనివ్వాలి. పన్ను మొదట్లో ఉన్న 7 శాతం దగ్గరే ఉంచితే నష్టం లేదు.

జోన్ పెట్టినా ఇల్లు లేవడం లేదంటే చూడాల్సినవి రెండే: కరెంటు, దారి. కరెంటు లేని జోన్ మీద మెరుపు గుర్తు మిణుకుమిణుకుమంటుంది. ఇక్కడ అందరూ పడే గొయ్యి ఒకటుంది. ఆనుకుని ఉన్న జోన్లు కరెంటును ఒకదాన్నుంచి ఒకటి అందుకుంటాయి, రోడ్డు అందించదు. అందువల్ల చక్కగా రెండు వరుసల జోన్లు వేసి మధ్యలో రోడ్డు వేస్తే, రోడ్డుకు అవతలి వరుస చీకట్లో ఉండిపోతుంది. ఒక్క తీగ రోడ్డును దాటించాలి. అదీ రోడ్డు తిన్నగా ఉన్న గడి మీదుగానే, మలుపులో గానీ కూడలిలో గానీ దాటదు. ఇక బొగ్గు కేంద్రాన్ని మ్యాప్ అంచున పెట్టడం పాతకాపుల అలవాటు. పొగ సగం మ్యాప్ బయటికి పోతుంది, అక్కడ ఎవరి ఊరూ లేదు కాబట్టి అడిగేవాళ్లుండరు. ఒక బొగ్గు కేంద్రం సుమారు 50 జోన్లకు సరిపోతుంది. ఆ పైన ఊరు పెరిగితే కొన్ని ఇళ్లు ఆరిపోతూ వెలుగుతూ ఉంటాయి.

దారి సంగతి ఇంకా చిత్రం. ఈ ఆట మూల ప్రోగ్రామ్ (సోర్స్ కోడ్) 2008లో 'మైక్రోపోలిస్' పేరుతో స్వేచ్ఛా లైసెన్సు కింద విడుదలైంది కనుక లోపల ఏం జరుగుతుందో ఎవరైనా చదువుకోవచ్చు. ఇంటి నుంచి బయల్దేరిన ప్రయాణం వాణిజ్య జోన్‌ను వెతుకుతుంది. వాణిజ్య జోన్ నుంచి బయల్దేరింది పరిశ్రమను వెతుకుతుంది. పరిశ్రమ నుంచి బయల్దేరింది ఇంటిని వెతుకుతుంది. వెళ్లినవాడు తిరిగి రావాలన్న పట్టింపే లేదు. ఒక్కో ప్రయాణానికి 30 గళ్ల హద్దు. ఆ లోపు గమ్యం తగలకపోతే ప్రయాణం విఫలమైనట్టు లెక్క, ఆ జోన్ వాడిపోతుంది. పైగా ఆ బండికి దారి తెలియదు. కూడలి వచ్చినప్పుడల్లా ఎటు తిరుగుతుందో చెప్పలేం. అందుకే చదరంగం బల్లలా అడుగడుగునా కూడళ్లు పెట్టినవాడి ఊళ్లో, కళ్లెదుటే దుకాణాలున్నా, బండ్లు సందులు పట్టుకు తిరిగి అలిసిపోతాయి. పొగ పడదని ఫ్యాక్టరీలను యాభై గళ్ల అవతల పెట్టినవాడి ఊరూ అంతే, కార్మికుడికి ఇల్లు దొరకదు. ఇళ్లు, దుకాణాలు, ఫ్యాక్టరీలు ఒక పట్టీలా వరసగా ఉండి, ఆ చివర నుంచి ఈ చివరకు 30 గళ్లు మించకుండా, కూడళ్లు తక్కువగా ఉంటే చాలా జబ్బులు వాటంతటవే తగ్గుతాయి.

రోడ్లన్నీ పీకేసి రైలు పట్టాలు వేసుకునే చిట్కా కూడా ఇక్కడి నుంచే పుట్టింది. ప్రయాణానికి పట్టా కూడా దారే, కానీ పట్టా మీద రద్దీ లెక్కపెట్టరు, పొగ ఉండదు. గడికి 10 బదులు 20 పోతుంది, అంతే. ఆటలో రైలు నేరుగా గుమ్మం ముందు ఆగుతుంది కాబట్టి ఇది చెల్లింది. మన మెట్రో దిగి ఇంటికి చేరడానికి ఆటో కోసం నిలబడే వాళ్లకు ఇది చెబితే నవ్వుతారు.

రోమన్ నగరాలు కట్టే 'సీజర్ 3' ఇంకో రకం. 1998లో ఇంప్రెషన్స్ గేమ్స్ వాళ్లు చేశారు, మరుసటి ఏడాది అదే పద్ధతిలో ఈజిప్టు మీద 'ఫేరో' వచ్చింది. సిమ్‌సిటీలో సేవలు ఒక వలయంలా పరుచుకుంటాయి. ఇక్కడ అలా కాదు, ప్రతి సేవకూ కాళ్లున్న మనిషి ఉంటాడు. మన గల్లీలో తోపుడు బండి మీద కూరగాయలమ్మే ఆయన్ను గుర్తు చేసుకోండి. ఆయన మన సందులోకి తిరిగితేనే మనకు వంకాయలు, పక్క సందులోకి తిరిగితే లేవు. సీజర్ 3లో అంగడి మనిషి, పూజారి, వైద్యుడు, నిప్పు చూసుకునే ప్రిఫెక్ట్, గోడల బీటలు చూసే ఇంజినీర్, అందరూ ఇంతే. బయల్దేరతారు, రెండు పదుల పైచిలుకు గళ్లో, కొందరైతే ఇంకాస్త ఎక్కువో తిరుగుతారు, వెనక్కి వస్తారు. నాలుగు రోడ్ల కూడలిలో ఎటు పోతారో మన చేతిలో లేదు. ప్రిఫెక్ట్ ఎడమకు తిరిగిన వారం కుడి వైపు వీధి తగలబడుతుంది.

ఆటలో మనుషులు ఉండబట్టే గొలుసు కూడా పొడవు. గుడారం నుంచి ఇల్లు మెరుగుపడాలంటే మొదట నీళ్లు, తర్వాత తిండి, తర్వాత గుడి, తర్వాత బావి కాకుండా కుళాయి నీళ్లు. కుళాయికి దగ్గర్లో జలాశయం, జలాశయం నది ఒడ్డునో, కాలువతోనో అనుసంధానమై ఉండాలి. ఈ మెట్లలో ఒక్కటి జారినా ఇల్లు ఒక మెట్టు కిందికి దిగుతుంది. చిన్న ఇంట్లో పట్టే మనుషులు తక్కువ, మిగిలినవాళ్లు బిచాణా ఎత్తేస్తారు. వాళ్లు పోతే పొలంలో, ధాన్యపు కొట్టులో చేతులు తగ్గుతాయి. ధాన్యం తగ్గితే అంగడి ఖాళీ, అంగడి ఖాళీ అయితే మరో వీధి ఇళ్లు కిందికి. కళ్లముందు ఊరు మడతపడిపోతుంటే కొత్తవాళ్లు కంగారుగా ఇంకో పొలం, ఇంకో అంగడి కడతారు. అసలు కొరత మనుషులది అయినప్పుడు పని చేసే చోట్లు పెంచితే ఉన్న చేతులు ఇంకా పలుచబడతాయి. అలాంటప్పుడు చేయాల్సింది ఆటను ఆపి, మొదట పడిపోయిన ఇంటి మీద కుడి మౌస్ బటన్ నొక్కడం. ఆ ఇల్లు ఏం లేక దిగిపోయిందో అందులో రాసి ఉంటుంది. చాలాసార్లు అది ఒక్క కూడలి తప్పే. రోడ్డును ఒక మూసిన చుట్టుగా వేసి, దాని లోపలా బయటా ఇళ్లు పెట్టి, బయటికి ఒకే దారి ఉంచి, ఆ దారి మీద కోట ద్వారం కడితే ఊరికే తిరిగేవాళ్లు దాన్ని దాటరు, సరుకు మోసేవాళ్లు మాత్రం దాటిపోతారు. ఫేరోలో దీనికి ప్రత్యేకంగా అడ్డుగట్ట ఇచ్చారు. ఇంకొక్కటి: దూరాన పెట్టిన పొలానికి కూలీలు దొరకరు. పొలం నుంచి ఒక మనిషి బయల్దేరి మనుషులున్న ఇంటి ముందు నుంచి నడవాలి, అప్పుడే పనివాళ్లు వస్తారు. పొలం పక్కన రెండు మూడు గుడారాలు వదిలేయండి, అవి ఎప్పటికీ గుడారాలుగానే ఉన్నా ఫర్వాలేదు.

మళ్లీ సిమ్‌సిటీకి వస్తే, దాని తర్వాతి ఆట 'సిమ్‌సిటీ 2000'లో నేల కింద పైపులు, సబ్‌వే వచ్చాయి, చూపు ఏటవాలుగా మారింది. అందులో దెబ్బ తినేది విద్యుత్ కేంద్రాల వయసు మరిచిపోయినవాళ్లు. చాలా రకాలకు 50 ఏళ్లు ఆయుష్షు. ఒకే ఏడు నాలుగు కేంద్రాలు కట్టారంటే యాభయ్యో ఏట నాలుగూ కలిసి పోతాయి, ఊరంతా అంధకారం. విడతలుగా కట్టాలి, మార్చడానికి డబ్బు పక్కన పెట్టాలి. రవాణా ఖర్చుకు కోత పెట్టి మిగుల్చుకుందామనుకుంటే రోడ్లు గడిగడిగా మాయమవుతాయి. సిమ్‌సిటీ 3000 (1999) చెత్తను తెచ్చింది, దాని గురించి అంతకన్నా చెప్పడానికి పెద్దగా లేదు.

2003 నాటి సిమ్‌సిటీ 4 మాత్రం లోతైనది, కోపం తెప్పించేది కూడా. ఒక ఊరు కాదు, పక్కపక్క ఊళ్లతో ఒక ప్రాంతం మొత్తం మనదే. మొదటి పదేళ్లలో దివాలా తీయడానికి కారణం ఎప్పుడూ ఒకటే: బడికీ ఆస్పత్రికీ పూర్తి నిధులిచ్చి వదిలేయడం. ఆస్పత్రి మీద నొక్కితే ఎంతమంది రోగులొస్తున్నారో, ఎంతమందిని చూడగలదో పక్కపక్కనే కనిపిస్తాయి. రోగులు 150 మంది ఉంటే సామర్థ్యం 170 దగ్గరకు వచ్చేలా ఆ ఒక్క భవనం నిధులను తగ్గించండి. ఏటా కొంచెం పెంచుకుంటూ పోవాలి, లేదంటే రోగులు మించిపోయి డాక్టర్లు సమ్మెకు దిగుతారు. బస్సు, అంబులెన్సు నిధులు వేరే మీట. దాన్ని తగ్గిస్తే సేవ అందే వలయం కుంచించుకుపోతుంది. రెండూ ఒకటే అనుకుని తప్పు మీట లాగేవాళ్లే ఎక్కువ. తక్కువ సాంద్రత ఇళ్లకు నీళ్ల పైపులు అక్కర్లేదు, తొందరపడి పంపులు కట్టకండి. మరో పేరుమోసిన జబ్బు, ఇల్లు చేరని ప్రయాణికులు. మూడు నాలుగు ఊళ్ల సరిహద్దు రోడ్లు గుండ్రంగా కలిస్తే, ఉద్యోగానికి పక్క ఊరికి పోయినవాడు అక్కడి నుంచి ఇంకో ఊరికి, అక్కడి నుంచి మళ్లీ మొదటి ఊరికి తిరుగుతూనే ఉంటాడు. లెక్కల్లో ఉద్యోగులు పెరుగుతారు, ఊళ్లో నిజంగా ఎవరూ ఉండరు. సరిహద్దు దారులను వలయంలా కాక చెట్టు కొమ్మల్లా వేస్తే ఈ బాధ తప్పుతుంది. అభిమానులు తయారుచేసి ఇప్పటికీ మెరుగుపరుస్తున్న 'నెట్‌వర్క్ యాడాన్ మాడ్' అనే అదనపు ప్రోగ్రామ్ వేసుకుంటే ట్రాఫిక్ లెక్క చాలావరకు బుద్ధిగా నడుస్తుంది.

కొత్త ఆటలు ఎందుకు పాతవాటిని చెరిపేయలేకపోయాయని అడగొచ్చు. 2013లో వచ్చిన సిమ్‌సిటీకి ఎప్పుడూ ఇంటర్నెట్ ఉండాలన్నారు. మొదటి రోజుల్లో సర్వర్లు మోయలేకపోయాయి, ఊరి స్థలం రెండు కిలోమీటర్ల చదరమే. ఇంటర్నెట్ లేకుండా ఆడే వీలు 2014లో గానీ రాలేదు. పట్టుమని పదిహేను మంది లేని ఫిన్లాండ్ సంస్థ కొలోసల్ ఆర్డర్ 2015లో 'సిటీస్: స్కైలైన్స్' తెచ్చి ఆ ఖాళీని నింపింది. బాగుంది, కాదనం. అందులోనూ తెలిసి ఆడాల్సినవి ఉన్నాయి. ఒకేసారి వంద ఎకరాల జోన్లు వేస్తే ఒకే ఈడు జనం వచ్చి చేరతారు, కొన్నేళ్లకు ఒకేసారి పోతారు, శవాలు తీయడానికి బండ్లు చాలవు. కొద్దికొద్దిగా వేయడమే మందు. కానీ దాని అందాలన్నీ చూడాలంటే మంచి గ్రాఫిక్స్ కార్డు కావాలి. పాతవాటికి సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో దొరికే సెకండ్‌హ్యాండ్ లాప్‌టాప్ చాలు.

పాతవాటిని కొత్త విండోస్ మీద నడపడం గురించి కూడా చెప్పాలి, చాలామంది ఇక్కడే వదిలేస్తారు. సిమ్‌సిటీ 2000 డాస్ (విండోస్ కన్నా పాత వ్యవస్థ) ఆట, డాస్‌బాక్స్ అనే ఉచిత ప్రోగ్రామ్‌లో నడుస్తుంది. ఇంటర్నెట్‌లో ఆటలమ్మే జీఓజీ దుకాణంలో కొన్నదానికి అది ముందే జత చేసి ఇస్తారు. సిమ్‌సిటీ 4 ఒకే ప్రాసెసర్ ఉన్న రోజుల ఆట. ప్రాసెసర్‌లో నాలుగైదు కోర్‌లు (విడివిడిగా లెక్కలు చేసే భాగాలు) ఉన్న యంత్రంలో ఉన్నట్టుండి మూసుకుపోతుంది. షార్ట్‌కట్ ప్రాపర్టీస్‌లో సీపీయూ కౌంట్ ఒకటి అని ఆదేశం చేర్చాలి, అక్కడే కస్టమ్ రిజల్యూషన్ తెరిచి మీ తెర కొలత రాసుకోవాలి. గంటకోసారి చేతితో సేవ్ చేసుకోవడం మరవద్దు, తనంతట తాను సేవ్ చేసే అలవాటు దానికి లేదు. సీజర్ 3కి 'ఆగస్టస్' అనే ఉచిత ఇంజిన్, అంటే ఆటను నడిపే ప్రోగ్రామ్, ఉంది. అసలు ఆట ఫైళ్లు మీ దగ్గర ఉండాలి, వాటి మీద ఇది కూర్చుని పెద్ద తెరలకు సరిపెడుతుంది, ఫేరోలోని అడ్డుగట్టలనూ ఇందులోకి తెస్తుంది.

ఇంత మెచ్చుకున్నాక ఈ ఆటలు చెప్పే అబద్ధాలు దాచడం న్యాయం కాదు. మొదటి సిమ్‌సిటీలో బుల్డోజర్‌కు గడికి ఒక్క డాలరు. నష్టపరిహారం లేదు, కోర్టు స్టే లేదు, రోడ్డుకు అడ్డంగా గుడీ దర్గా లేవు. రోడ్డు వెడల్పు చేయడమంటే ఏమిటో పాతబస్తీలో ఎవర్నడిగినా చెబుతారు. 2013 ఆట తయారీలో ముఖ్యుడైన స్టోన్ లైబ్రాండ్, నిజమైన లెక్కన పార్కింగ్ చూపిస్తే ఊరంతా పార్కింగే అయిపోతుందని దాన్ని తగ్గించామని చెప్పాడు. కోఠిలో బండి పెట్టడానికి చోటు వెతికినవాళ్లకు ఆ మాట అర్థమవుతుంది. అన్నిటికన్నా పెద్ద అబద్ధం నీళ్లది. సిమ్‌సిటీ 2000లో నేలను ఎత్తు చేసే పనిముట్టుతో చెరువును పూడ్చి జోన్ వేసుకోవచ్చు, ఏ వానాకాలంలోనూ ఆ నీళ్లు తిరిగి అడగవు. మన ఊళ్లో 1908 సెప్టెంబరులో మూసీ వరద వచ్చాకే విశ్వేశ్వరయ్య సలహాతో పైన జలాశయాలు కట్టే పని మొదలై, 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. 2020 అక్టోబరులో చెరువుల కింది కాలనీలు మునిగినప్పుడు నీళ్లు తమ పాత దారినే వెతుక్కున్నాయి. ఆటలో నాలా అన్న మాటే లేదు. పిల్లలతో ఆడించేవాళ్లు ఈ తేడా పక్కన కూర్చుని చెప్పాలి. పన్ను పెంచితే జనం పారిపోతారన్న నమ్మకం కూడా ఆ ప్రోగ్రామ్ రాసినవాళ్లదేననీ చెప్పాలి.

కాబట్టి మా మనవి చిన్నది. మీ ఆదివారం పిల్లల పేజీలో చదరంగం లెక్క వేసినట్టే వారానికో నగరపు లెక్క వేయండి. అర కాలమ్ చాలు, కంప్యూటర్ లేని పిల్లలు కూడా గళ్ల కాగితం మీద చేసుకోవచ్చు. మొదటిది ఇదిగో. మూడు గళ్ల చదరపు జోన్లు ఎనిమిదింటిని, మధ్యలో ఒక జోనంత ఖాళీ వదిలి, చుట్టూ పేరిస్తే గారె ఆకారం వస్తుంది. మధ్య ఖాళీలో తొమ్మిది పార్కులు వేస్తే 90 డాలర్లు, చుట్టూ భూముల ధర పెరుగుతుంది. జోన్లన్నీ ఒకదాన్నొకటి ఆనుకున్నాయి కనుక ఒక్క తీగతో ఎనిమిదింటికీ కరెంటు. బయట చుట్టూ పూర్తిగా రోడ్డు వేస్తే 40 గళ్లు, 400 డాలర్లు. కానీ ప్రతి జోన్‌కూ ఒక్క రోడ్డు గడి పక్క నుంచి తగిలితే చాలు, మూలకు మూల తగిలితే లెక్కలోకి రాదు. రోడ్డు ఎక్కడా తెగకూడదు. తక్కువలో తక్కువ ఎన్ని గళ్లతో సరిపెట్టొచ్చు? జవాబు మీరు చోటిచ్చిన వారం పంపుతాం.

ఇట్లు,
నగరాలు కట్టే ఆటలు ఆడే కొందరు పాఠకులు,
హైదరాబాద్